ముందు పై బోల్టు

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున మా నాన్న నాలుగో వరుస చదవలేకపోయాడు.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం నా పని. కళ్ళ డాక్టరు వచ్చే రోజుల్లో ఆయన పక్కన నిలబడి, వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివించేదీ నేనే. నాన్న తన లైసెన్సు కాగితం పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మూడు వరుసలు గడగడా చదివాడు. నాలుగో వరుస దగ్గర ఆగి, ఇది నువ్వే చిన్నగా రాయించావా అని నన్ను అడిగాడు.

నేను నవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను. డాక్టరు లైటు వేసి చూసి, లోపల నరం అరిగిపోతోందనీ, అద్దాలతో దిద్దేది కాదనీ, ఇక బండి నడపొద్దనీ చెప్పి కింద సంతకం పెట్టాడు. నాన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బస్సు డిపోలో ముప్పై రెండేళ్ళు గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి. ఆయన చెయ్యి పడితే మూలుగుతూ వచ్చిన బస్సు గమ్మున వెళ్ళేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటివాడు సొంత కారు నడపడానికి పనికిరాడని తేల్చింది ఆయన కన్నకూతురు.

అందుకే, ఆ తర్వాత జరిగినదంతా నా మీద కోపంతోనే అనుకున్నాను.

మా కారు చిన్నది. నలుగురు ఎక్కితే ఐదోవాడు ముందే సారీ చెప్పుకోవాలి. కానీ ఇరవై ఏళ్ళకు పైగా దాని గేరు వెన్నలోకి వేలు దిగినట్టు పడుతుంది. ఎందుకంటే నాన్న ఏటా, వానలు మొదలయ్యేలోపు, ఇంటి ముందు దాన్ని నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తి గేర్ ఆయిల్ మారుస్తాడు. ఏటా అక్కర్లేదని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినవాడు డిపోలో పనిచేసి ఉండడని నాన్న అంటాడు.

ఆ ఆదివారం తమ్ముడు కూడా ఇంట్లో ఉన్నాడు. వాడిది దూరంగా రాళ్ళ క్వారీలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తాడు. పెళ్ళయి అప్పటికి ఎనిమిది నెలలు. మరదలు మాతోనే ఉంటుంది. కీళ్ళ నొప్పులవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు వ్యాయామం చేయించడం నేర్చుకుంది. వేసవి ఆఖరున ఒక ఆసుపత్రిలో చేరాలి. ఇంటింటికీ తిరగాల్సిన ఉద్యోగం. నేనేమో రోజూ రెండు బస్సులు మారి దుకాణానికి వెళ్తాను. కాబట్టి కారు సంగతి ఎవరూ ఎత్తకపోయినా అందరి నోట్లోనూ ఉంది.

టీలు తాగుతుండగా నాన్నే ఎత్తాడు. "ఈ ఏడు నేను కింద పడుకోలేను. పడుకున్నా కనబడదు. పక్కన కూర్చుని చెబుతాను. చేతులు ఎవరివైతే బండి వాళ్ళది."

నేను గ్లాసు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆయన పక్కన పీటేసుకుని పానాలు అందించినదాన్ని. కారు కింద నుంచి ఆయన చెయ్యి బయటికి రాకముందే ఏ నంబరు కావాలో నాకు తెలిసిపోయేది. పన్నెండంటే పన్నెండు, పదిహేడంటే పదిహేడు. అడిగించుకోవడం నాకు నామోషీ.

"అమ్మాయ్, నీకు తీరుతుందా?" అన్నాడు నాన్న.

నోరు తెరవబోయాను. ఆయన చూస్తున్నది నా వైపు కాదు.

మరదలు ముందు నన్ను చూసింది. వదిన ఉన్నారు కదా మావయ్యగారూ అంది. వదినకు దుకాణం ఉంది కదమ్మా అన్నాడాయన. నాకు శనివారాలు సగం రోజు సెలవు. ఆ సంగతి మా వీధి కుక్కలకు కూడా తెలుసు, నేను వేసే బిస్కట్ల కోసం ఆ పూట గేటు దగ్గరే కాచుకుంటాయి.

అలా మొదలైంది.

తర్వాత ఆరు వారాలు నేను దుకాణం నుంచి వచ్చేసరికి కారు కింద నుంచి రెండు పాదాలు బయటికి కనబడేవి. ఎడమ కాలికి వెండి మట్టె కొంచెం వదులు. ఆ పాదాల పక్కన స్టూలు మీద నాన్న. ముందు చిన్న పనులు నేర్పించాడు, ఆ తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇంజన్ ఆయిల్. గేర్ ఆయిల్‌ని ఆఖరి పరీక్షలా చివర పెట్టాడు. ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. మా నాన్న అంత మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. నాతో పనిచేసిన ఇరవై ఏళ్ళలో నంబర్లు తప్ప ఆయన నోటి నుంచి వచ్చిన మాటలు ఒక చిన్న కాగితం మీద పడతాయి. ఇప్పుడేమో డిపో కథలు, పాత డ్రైవర్ల మీద జోకులు, మధ్యమధ్యలో నవ్వు. శభాష్ అనే మాట ఒక సాయంత్రం నేను లెక్కపెట్టాను. పదకొండుసార్లు అన్నాడు. నాకు దొరికిన పెద్ద మెప్పు "ఊఁ".

"నరం పట్టుకున్నట్టు పట్టుకుంటుందే బోల్టుని," అని అమ్మతో చెప్పాడు ఒకసారి. "బొటనవేలు పెడితే చాలు, బిగుతెంతో చెప్పేస్తోంది."

నేను గిన్నెలు తోముతూ విన్నాను. ఆ రోజు ఒక పళ్ళెం అంచు సొట్ట పడింది.

ఇంకా మండించే సంగతి ఏమిటంటే, ఆ పిల్ల మీద వంక పెట్టడానికి ఏమీ దొరకదు. పని అయ్యాక పానాలన్నీ తుడిచి, నేను పెట్టే వరుసలోనే పెట్టేది. నేను వస్తే లేచి స్టూలు ఖాళీ చేసేది. సందేహం వస్తే, వదినా, ఇది మీరెలా ఇచ్చేవారు అని అడిగేది. అలా అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. దొంగ అయితే పట్టుకోవచ్చు. మంచిదాన్ని ఏం చేస్తాం? మనసులో ఆమెకు కొత్త పానా అని పేరు పెట్టుకున్నాను. ఒకరోజు పొరపాటున ఆ మాట అమ్మ ముందే అనేశాను.

అమ్మ కూరలు తరగడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఆ కారు కింద ఉన్నది నీ మరదలా, నీ సవతా?"

నాకు నవ్వు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

నాలుగో వారంలో అసలు పాఠం మొదలైంది. వంటింటి కిటికీ లోంచి నాకు ప్రతి మాటా వినబడుతోంది. గేర్‌బాక్సుకు రెండు బోల్టులు ఉంటాయని నాన్న చెబుతున్నాడు. అడుగున ఒకటి, పాత నూనె దిగిపోవడానికి. పక్కన జానెడు ఎత్తులో ఇంకొకటి, కొత్త నూనె పొయ్యడానికి. పై రంధ్రం నుంచి చుక్క కారిందంటే నిండినట్టు.

"ముందు ఏది తియ్యాలి?"

"పైది."

"ఎందుకని?"

"పొయ్యడానికి దారి ఉందని తేలాకే ఖాళీ చెయ్యాలి మావయ్యగారూ. పైది రాకపోతే కిందిది ముట్టుకోకూడదు."

శభాష్ అన్నాడు నాన్న. డిపోలో ఒక తొందర మనిషి ఇది మరిచిపోయి ముందు కిందిది విప్పేశాడనీ, పైది తుప్పుపట్టి కదలక, బస్సు కడుపు ఖాళీ చేసుకుని మూడు రోజులు షెడ్డులో నిలబడిందనీ చెప్పాడు. మరదలు పకపకా నవ్వింది.

నా చేతిలోని గరిటె ఆగిపోయింది. ఎందుకంటే మా కారు పై బోల్టు రాదు. ఆ సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

నిరుడు ఇదే రోజుల్లో, కొత్త నూనె పోసి, పై బోల్టుని చేత్తో నాలుగు చుట్లు తిప్పి పెట్టి, నాన్న కారు కింద నుంచి లేచాడు. పదిహేడో నంబరు పానా నా చేతిలో పెట్టాడు. "తగిలాక ఇంకో పావు చుట్టు. అంతే," అన్నాడు. చెయ్యి కడుక్కుని వస్తానని లోపలికి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళలో బిగించే పని నాకు ఇవ్వడం అదే మొదటిసారి. నేను చక్రం పక్క నుంచి భుజం దూర్చి పావు చుట్టు తిప్పాను. చాలదనిపించింది. కారితే ఎలా? కారితే పానా ఇంకెప్పుడూ నా చేతికి రాదు. ఇంకో పావు తిప్పాను. అదీ చాలదనిపించి, పానా కాడకు ఒక ఇనుప పైపు తొడిగి, ఒళ్ళంతా వేసి లాగాను. టక్కుమని పానా జారింది. బోల్టు తలకు ఆరు మూలలుంటాయి. అన్నీ ఒరుసుకుపోయి తల గుండు అయిపోయింది.

నాన్నకు ఒక అలవాటు. బిగించాక, బోల్టు తల మీద నుంచి గేర్‌బాక్సు ఒంటి మీదికి నా గోళ్ళ రంగుతో ఒక ఎర్ర గీత గీస్తాడు. బోల్టు కదిలితే గీత తెగుతుంది. మరుసటి ఏడు బిగించినప్పుడు పాత గీత రెండు ముక్కలూ మళ్ళీ ఒకదానికొకటి ఇంచుమించు అతకాలి. అదే ఆయన కొలత, అదే ఆయన గొప్ప. నేను బిగించిన బోల్టు గీత దాటి రెండు వేళ్ళ దూరం పోయింది. నేను గదిలోకి పరుగెత్తి సీసా తెచ్చాను. పాత గీతని గీరేసి, కొత్త గీత గీశాను. నాన్న వచ్చి అయిందా అన్నాడు. అయింది అన్నాను. ఊఁ అన్నాడు.

అదీ సంగతి. వాన వెనకబడితే బాగుండుననీ, కారు ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండుననీ అనుకుంటూ రెండు వారాలు గడిపాను. చెప్పేద్దామని మూడుసార్లు స్టూలు దాకా వెళ్ళాను. మూడుసార్లూ నాన్న ఏదో చెప్పి నవ్వుతున్నాడు, కింద పాదాలు నవ్వుకు కదులుతున్నాయి. ఆ నవ్వు మధ్యలోకి వెళ్ళి, నాకు ఇచ్చిన ఒక్క పనీ నేనే పాడుచేశానని ఎలా చెప్పను? చెప్పానే అనుకోండి, కారు ఎలాగూ పోయె. పోతూపోతూ పరువు కూడా ఎందుకు?

ఆ శనివారం వచ్చింది. సోమవారం పొద్దున మరదలు ఉద్యోగంలో చేరాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నూనె కాస్త వేడెక్కాలని ఆమె కారుని పది నిమిషాలు తిప్పి తెచ్చింది. పక్క సీట్లో నాన్న, వెనక సీట్లో నేను, నా ఒడిలో పానాల పెట్టె. ఇద్దరం కలిసి జాకీతో లేపి నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టాం. మరదలు అట్టముక్క పరుచుకుని కిందికి జారింది. పాత బేసిన్ లోపలికి తోశాను.

అప్పుడే నాన్నకు ఫోను. డిపో పాత స్నేహితుడు. ఆయన మాట్లాడితే ఫోను అవసరం లేకుండానే వినబడుతుంది, ఆపడం మాత్రం తెలియదు. కానివ్వమ్మా, వస్తున్నా అని చెప్పి నాన్న లోపలికి వెళ్ళాడు.

"వదినా, పదిహేడు."

పానా నా చేతిలో ఉంది. ఆమె చెయ్యి చక్రం పక్క నుంచి బయటికి చాచి ఉంది. ఇప్పుడు ఇది తీసుకుని పై బోల్టు మీద పెడుతుంది. పెట్టీ పెట్టగానే పానా గుండ్రంగా తిరుగుతుంది. వదినా, ఇది అరిగిపోయి ఉంది అంటుంది. నాన్న వస్తాడు. నిరుడు బిగించింది ఎవరో ఆ ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు.

"ముందు కిందిది తీసెయ్," అన్నాను.

చాచిన చెయ్యి అలాగే ఆగింది. కాసేపటికి, చక్రానికీ ఒంటికీ మధ్య ఆమె ముఖం కనబడింది. చెంప మీద మసి.

"కిందిదా?"

"నూనె వేడి మీదుంది. చల్లారితే జారదు. నాన్నే అంటాడు."

అందులో సగం నిజం. అబద్ధానికి సగం నిజం కలిపితే ఎంత బాగా అతుకుతుందో ఆ రోజే తెలిసింది. ఆమె నన్ను చూస్తూ ఉండిపోయింది. నేను పానాని చూస్తున్నాను.

"సరే వదినా. మీరు చెబితే సరే," అంది.

కింది బోల్టు బుద్ధిగా వచ్చింది. నల్లటి నూనె సన్నటి తాడులా బేసిన్‌లోకి దిగింది. కుళ్ళిన గుడ్డు వాసన ఇంటి ముందంతా పరుచుకుంది. రెండు లీటర్లు. తాడు దారమైంది, దారం చుక్కలైంది. ఆమె బోల్టు తుడిచి, దాని కొసనున్న అయస్కాంతానికి అంటిన బూడిదరంగు ఇనుప రజను గుడ్డతో తీసి, కొత్త వాషర్ వేసి, చక్కగా బిగించింది. ఆ తర్వాత పై బోల్టు మీద పానా పెట్టింది.

టక్.

ఇంకోసారి. టక్. మూడోసారి ఆమె వేలి కణుపు దేనికో కొట్టుకున్నట్టుంది, చిన్నగా స్స్ అంది.

నాన్న గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ఆయనకు చూడాల్సిన పని లేదు, వాసన చాలు.

"పైది వచ్చిందా?"

ఆమె ఏమంటుందో నాకు తెలుసు. వదిన చెప్పారు మావయ్యగారూ. ఆ మూడు మాటల కోసం సిద్ధంగా ఉన్నాను. లేదు, నేను అలా అనలేదు అని నా జవాబు కూడా నాలుక చివరే ఉంది.

"లేదు మావయ్యగారూ," అంది కారు కింద నుంచి మరదలు. "కిందిది ముందు తీసేశాను. తొందరపడ్డాను."

నాన్న ముఖం వాడిపోయింది. తిట్టలేదు. వచ్చి స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏమీ కనబడని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆరు వారాలుగా నేను ఎదురుచూసిన ముఖం అది. ఆ పిల్ల వల్ల ఆయన ముఖం ఒక్కసారైనా అలా అయితే చాలనుకున్నాను. తీరా అయ్యాక అటు చూడలేకపోయాను.

అమ్మ వద్దని కేకేస్తున్నా వినకుండా నాన్న అట్టముక్క మీద పడుకున్నాడు. చెయ్యి లోపలికి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. బయటికి వచ్చాక వేళ్ళు గుడ్డకు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు.

"ఇది ఈ రోజు అరిగింది కాదు."

మా ఇద్దరి వైపూ చూడలేదు. సోమవారం పొద్దున బండి కదలాలి అన్నాడంతే.

నేను లోపలికి వెళ్ళాను. నా దుకాణం సంచిలోంచి ఆకురాళ్ళ కట్ట తీశాను. ఫ్రేములు సానబెట్టడానికి వాడే సన్నటి ఆకురాళ్ళు, అరచేతి పొడవువి. తల గుండు అయితే ఏం? ఎదురెదురుగా రెండు వైపులా చదును చేస్తే ఒక నంబరు చిన్న పానా పట్టుకుంటుంది. పదిహేడు కాకపోతే పదహారు. అద్దం అంచుని కొలతకు తేవడం కన్నా కష్టమేమీ కాదు. ఈ ఉపాయం సంవత్సరం నుంచీ నా సంచిలోనే ఉంది. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

"జరుగు," అన్నాను మరదలితో. అట్టముక్క మీద పడుకుని కిందికి జారాను.

ఇరవై ఏళ్ళు ఆ కారు పక్కన కూర్చున్నాను గానీ, దాని కింద పడుకోవడం అదే మొదటిసారి. ముఖానికి జానెడు దూరంలో ఇనుము. అక్కడి నుంచి మనుషులు పాదాలే. నాన్న చెప్పులు, మరదలి మట్టె. పై బోల్టు మీద నా ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది. ఆకురాయి పెట్టి మొదలుపెట్టాను. అక్కడ చెయ్యి ఆడేది వేలెడంత. గీస్తే పొడి కళ్ళలో పడుతుంది. దుకాణంలో అరగదీసేటప్పుడు నేను పెట్టుకునే కళ్ళజోడు మరదలు తెచ్చి లోపలికి అందించింది.

అరగంట గీశాక ఒక వైపు చదునైంది. ముఖాలు కనబడని చోట మాట్లాడటం సులువు.

"నాన్నా. నిరుడు దీన్ని పైపు వేసి బిగించాను."

చెప్పులు కదలలేదు. స్టూలు మాత్రం కిర్రుమంది.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"వారం తిరక్కుండానే. చెయ్యి పెట్టి చూస్తే పాత గీత గీరిన చోట గరుకు తగిలింది. కళ్ళు పోతున్నాయి గానీ, వేళ్ళు ఎక్కడికీ పోలేదు కదే."

"అడగొచ్చు కదా నాన్నా."

"నువ్వే చెబుతావని చూశాను."

పైన నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నిరుడు నేను చెయ్యి కడుక్కోవడానికి పోలేదే పెద్దమ్మాయ్. అప్పటికే నాకు బస్సుల మీది బోర్డులు కనబడటం మానేశాయి. బండి నీకిద్దామనే పానా నీ చేతిలో పెట్టాను. నేను పక్కనుంటే నీ చెయ్యి వణుకుతుందని లోపల నిలబడ్డాను."

నేను రెండో వైపు గీయడం మొదలుపెట్టాను. దుకాణం కళ్ళజోడు లోపల కళ్ళు మసకబారితే తుడుచుకునే వీలు లేదు. వేళ్ళతో తడుముతూ గీశాను.

రెండో వైపు కూడా అయ్యాక పొడి ఊదేసి, బొటనవేలితో రెండు అంచులూ చూశాను. సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలిన మాట కూడా ఇప్పుడే అనెయ్యాలనిపించింది.

"ఇంకోటి ఉంది నాన్నా. ఇందాక కిందిది..."

"వదినా, పదహారు," అంది మరదలు. పానా నా అరచేతిలో ఠపీమని పడింది. ఇవ్వడం కాదు, నోరు మూయించడం.

నేను నోరు మూసుకున్నాను. పానా పెట్టాను. సుత్తితో కాడ మీద రెండు దెబ్బలు వేసి లాగాను. బోల్టు కిర్రుమని కదిలింది.

మరదలు బానెట్టు ఎత్తి, గరాటుకు గొట్టం తొడిగి లోపలికి వదిలింది. దాని కొసని నేను రంధ్రంలో పెట్టి పట్టుకున్నాను. ఆమె పై నుంచి పోసింది. నాన్న మధ్యలో కూర్చుని ఇంకా, ఇంకా అంటున్నాడు. చివరికి రంధ్రం అంచు నుంచి తేనెరంగు నూనె ఒక చుక్క పొంగి నా చెంప మీద పడింది. చాలు అన్నాను. తగిలాక ఇంకో పావు చుట్టు తిప్పి ఆపాను. చెయ్యి ఇంకా తిప్పమంది. తిప్పలేదు.

సాయంత్రం నాన్న కారు తాళం తీసి మరదలి చేతిలో పెట్టాడు. నేను అభ్యంతరం చెప్పలేదు, ఎవరూ నన్ను అడగనూ లేదు. పెరట్లో కుళాయి దగ్గర మేమిద్దరం సబ్బు రుద్దుకుంటుంటే అడిగాను. ముందు పైదే తియ్యాలని నీకు బాగా తెలుసు కదా, నా మాట ఎందుకు విన్నావని.

"మీ గొంతు వణికింది వదినా," అంది. "మా దగ్గరికి వచ్చేవాళ్ళు నొప్పి ఒకచోట ఉంటే ఇంకోచోట చూపిస్తారు. ఏదో ఉందనుకున్నాను. నూనె దిగిపోతే దిగిపోయింది, మీరే చెబుతారులే అనుకున్నాను."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావు?"

"నేను కోడల్ని. నా తప్పు రెండు రోజులు గుర్తుంటుంది మావయ్యగారికి. మీదైతే ఏడాది గుర్తుంది, చూశారుగా." చేతులు విదిలించి, ముఖం ఏమాత్రం మారకుండా మళ్ళీ అంది. "అలాగని ఊరికే వదుల్తానని అనుకోకండి. ఏటా ఒకసారి గుర్తు చేస్తాను."

బుధవారం వానలు మొదలయ్యాయి.

అప్పటి నుంచి ఐదేళ్ళు. కారు ఆమెదే. రోజూ పొద్దున నన్ను దుకాణం దగ్గర దింపి రోగుల ఇళ్ళకు వెళ్తుంది. దిగి తలుపు వేసేటప్పుడు, ఆ స్టీరింగు మీద ఆమె వేళ్ళని చూసి నా కడుపులో ఇప్పటికీ ఏదో కొద్దిగా మండుతుంది. పోయిందని చెబితే అబద్ధం. నాన్నకు ఇప్పుడు వెలుతురు తప్ప పెద్దగా ఏమీ కనబడదు. అయినా ఏటా వానల ముందు స్టూలు వేయించుకుని కూర్చుంటాడు, వేళ్ళు చాచి నేను బిగించిన బోల్టు తడిమి ఊఁ అంటాడు. కారు కింద పడుకునేది ఇప్పుడు నేను. పానాలు అందించేది మరదలు. ఆ రోజు ఆగిపోయిన రెండో మాట నాన్నకు నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

చెప్పనవసరం లేకుండా ఆమె ఉంది. ఏటా నేను అట్టముక్క మీద కిందికి జారి చెయ్యి చాచగానే, పానా వెంటనే రాదు. చక్రం పక్కన వెండి మట్టె ఆగుతుంది. నాన్నకు వినబడేంత గట్టిగా, ఏమీ ఎరగని గొంతుతో అడుగుతుంది.

"వదినా, ముందు ఏది?"

"పైది," అంటాను. చెవులు కాలిపోతాయి. అప్పుడు పానా నా చేతిలో పడుతుంది.